సిడ్నీ ప్యాకేజీలో ఏది ఉంచుకోవాలి, ఏది తీసేయించాలి

బెంగళూరు నుంచి సిడ్నీకి ప్యాకేజీ బుక్ చేసుకునేవాళ్లు కాగితంలో "హార్బర్ డిన్నర్ క్రూజ్" (రేవులో పడవ మీద రాత్రి భోజనం) అనే మాట కనబడితే దాన్ని కొట్టేయించి, ఆ మేరకు డబ్బు తగ్గించమని గట్టిగా అడగండి. జయనగర్‌లోని ఒక ఏజెన్సీ మా గుంపును తీసుకెళ్లింది. చీకటి పడ్డాక అద్దాల గదిలో కూర్చోబెట్టి, శాకాహారం పేరుతో ఉడికించిన గుమ్మడికాయ ముక్కలు పెట్టారు. అద్దంలో మా ముఖాలే మాకు కనిపించాయి.

అవే నీళ్ల మీద నగరం నడిబొడ్డున ఉన్న సర్క్యులర్ కీ రేవు నుంచి సముద్రతీరంలోని మ్యాన్లీకి రోజంతా మామూలు ఫెర్రీలు తిరుగుతుంటాయి. ప్రయాణం సుమారు అరగంట. టికెట్ కోసం వరుసలో నిలబడనక్కరలేదు, గేటు దగ్గర క్రెడిట్ కార్డు ఆనిస్తే చాలు. వెళ్లేటప్పుడు కుడివైపు బయటి బల్ల మీద కూర్చోండి. ఒపేరా హౌస్ పక్క నుంచే పడవ మలుపు తిరుగుతుంది, వెనక్కి తిరిగితే హార్బర్ బ్రిడ్జి మొత్తం కనిపిస్తుంది. పసిఫిక్ నీళ్లు రేవులోకి వచ్చే హెడ్స్ దగ్గర పడవ బాగా ఊగుతుంది. మా గుంపులోని కడప పెద్దాయన అక్కడ గోవింద నామం అందుకున్నారు. ఆయన పక్కనే ఆఫీసు నుంచి ఇంటికి వెళ్తున్న అమ్మాయి పుస్తకంలోంచి తల కూడా ఎత్తలేదు. సిడ్నీలో నేను ఐదుకి ఐదు ఇచ్చేది ఈ ఫెర్రీకే.

ఒపేరా హౌస్‌ను బస్సులోంచి చూపించి ఫోటోలు తీసుకోమంటారు. ఒప్పుకోకండి. దూరం నుంచి తెల్లగా మెరిసే ఆ పైకప్పు మీద పది లక్షలకు పైగా పలకలు ఉన్నాయి. దగ్గరికెళ్తే కొన్ని నిగనిగలాడే తెలుపు, కొన్ని మెరుపు లేని మీగడ రంగు. మెట్ల మీద ఎంతసేపు కూర్చున్నా ఎవరూ లేవమనరు. విధానసౌధను రోడ్డవతల నుంచి చూసి సరిపెట్టుకున్న మాకు అది పెద్ద మర్యాదగానే తోచింది. డిజైన్ చేసిన డెన్మార్క్ వాస్తుశిల్పి యోర్న్ ఉట్జన్ ప్రభుత్వంతో పొసగక 1966లో తప్పుకున్నాడు. 1973లో భవనం ప్రారంభమైనా, పూర్తయిన దాన్ని ఆయన ఎన్నడూ వచ్చి చూడలేదు. ఈ సంగతి మా గైడు చెప్పలేదు. షాపింగ్‌కు మాత్రం సమయం మిగిల్చాడు.

హార్బర్ బ్రిడ్జి కమాను పైకి ఎక్కించే టికెట్ చాలా ఖరీదు, పైగా సొంత ఫోను తీసుకెళ్లనివ్వరు. మోకాళ్లు, పర్సు రెండూ బాగున్నవాళ్లకు వదిలేద్దాం. తూర్పు వైపు కాలిబాట మీద ఉచితంగా నడవవచ్చు. మావారు మధ్యలో ఆగి కింద పోయే పడవలను చూస్తూ కదలనన్నారు. సిడ్నీ టవర్ ఎక్కకపోయినా ఏమీ పోదు.

సిడ్నీకి పడమరనున్న బ్లూ మౌంటెన్స్ కొండలకు బస్సు టూరు కంటే సెంట్రల్ స్టేషన్ నుంచి అక్కడి కటూంబా ఊరికి రైలు మేలు. సుమారు రెండు గంటలు పడుతుంది. లోయంతా యూకలిప్టస్ అడవి. మన ఊటీ కొండల మీదికి ఆ చెట్లు వచ్చింది ఆస్ట్రేలియా నుంచే. పాత గని పట్టాల మీద 52 డిగ్రీల వాలులో దిగే సీనిక్ రైల్వేకు టికెట్ వేరే. అది ఎక్కి తీరాలి. ఎక్కితే మాత్రం చేతిసంచి గట్టిగా పట్టుకోండి.

తిండి గురించి బెంగ వద్దు. మనవాళ్లు ఎక్కువగా ఉండే హారిస్ పార్క్‌లో రైలు దిగితే దోసె దొరుకుతుంది. హెలెన్స్‌బర్గ్‌లోని వేంకటేశ్వరస్వామి గుడి నగరానికి దక్షిణంగా ఉంది. మా ప్యాకేజీలో అది లేదు. కడప పెద్దాయన అడిగితే, అది "ఎక్స్‌ట్రా" అని ఏజెన్సీ కుర్రవాడు కాలిక్యులేటర్ తీశాడు. ఇంకో మాట: జూన్ నుంచి ఆగస్టు దాకా అక్కడ చలికాలం. మన వేసవి సెలవుల చివర్లో బయల్దేరేవాళ్లు స్వెటర్లు పెట్టుకోండి.