కోబర్గ్ (జర్మనీ): రాజభవనానికి ఫుల్ మార్కులు, మా గదికి సున్నా

రాత్రికి 84 యూరోలని బుక్ చేసిన గదికి చివరికి 117 వదిలాయి. దుప్పట్లు, తువ్వాళ్లకు మనిషికి 9 చొప్పున 18, శుభ్రం చేసినందుకు ఇంకో 15. బుకింగ్ పేజీలో ఈ ముక్కే లేదు. ఓనరు కనపడడు, తాళం గుమ్మం పక్కన డబ్బాలో ఉంటుంది. మూడో అంతస్తు, లిఫ్టు లేదు, వేడినీళ్లు గోరువెచ్చగా అయినా రాలేదు. ఫోన్ చేస్తే "ఇక్కడ అంతే" అని పెట్టేశాడు. మా ఆవిడ అక్కడి నుంచి మాటలు తగ్గించేసింది.

ఆమె మూడ్ మళ్లీ బాగుపడింది ఎహ్రెన్‌బుర్గ్ రాజభవనంలో. గైడ్ వెంటే తిరగాలి. గైడ్ జర్మన్‌లోనే చెప్పింది, మా చేతికి మాత్రం ఇంగ్లీషు కాగితం ఇచ్చారు. పెద్ద హాల్లో గోడల వెంట 28 మంది భారీ మనుషుల బొమ్మలు పైకప్పును మోస్తున్నట్టు నిలబడి ఉన్నాయి. విక్టోరియా రాణి గదిలో ఆమె కోసం పెట్టించిన ఫ్లష్ టాయిలెట్ ఉంది, చెక్కపెట్టెలో దాచినట్టు. ఐరోపా ఖండంలో అదే మొదటిదంటారు. "ఆవిడకి అప్పుడే నీళ్లొచ్చాయి, మనకింకా రాలేదు" అని మా ఆవిడ ఒకటే నవ్వు.

కోబర్గ్ ఒకప్పుడు డచీ, అంటే డ్యూక్ ఏలే రాజ్యం. ఇంత చిన్నదై ఉండీ పెళ్లి సంబంధాలతోనే ఐరోపా అంతా పాకింది. 1826లో గోథా అనే ఇంకో డచీ కూడా ఇక్కడి డ్యూక్ మొదటి ఎర్నస్ట్ చేతికి వచ్చింది. తమ్ముడు లియోపోల్డ్ 1831లో బెల్జియం రాజయ్యాడు. ఎర్నస్ట్ చిన్నకొడుకు ఆల్బర్ట్ 1840లో విక్టోరియాను చేసుకున్నాడు. ఆమె స్వయానా మేనత్త కూతురు, అంటే అచ్చంగా మన మేనరికమే! మన తాతల కాలపు రూపాయి మీది ఏడో ఎడ్వర్డు వీళ్ల కొడుకే. 1917లో జర్మనీతో యుద్ధం నడుస్తుండగా ఇంగ్లండు రాజకుటుంబం ఈ వంశం పేరు వదిలేసి విండ్సర్ అని పెట్టుకుంది.

ఇక్కడ మిగిలింది విక్టోరియా మనవడు కార్ల్ ఎడ్వర్డ్. ఇంగ్లండులో పుట్టి 16 ఏళ్లకే డ్యూక్ అయ్యాడు, 1918లో గద్దె పోగొట్టుకున్నాడు, తర్వాత నాజీల్లో చేరాడు. ఆల్బర్ట్ గురించి ఎక్కడ చూసినా బోర్డులే. ఈయన సంగతి మనం అడిగి తెలుసుకోవాలి. డచీ పోయాక జనం ఓటేసి పక్క రాష్ట్రం తురింగియా వద్దన్నారు, 1920లో బవేరియా రాష్ట్రంలో కలిశారు.

కొండమీది ఫెస్టె కోట, 1530లో క్రైస్తవ మత సంస్కర్త మార్టిన్ లూథర్ తలదాచుకున్న చోటు, బాగుంది. మార్కెట్లో ఆల్బర్ట్ విగ్రహం పక్కన మాత్రం సాసేజ్ తినకుండా రావద్దు. పైన్ కాయల నిప్పు మీద కాలుస్తారు. బన్ను గుప్పెడంత, సాసేజ్ దానికి రెండు వైపులా బెత్తెడు బయటికే ఉంటుంది. ఆ పొగవాసన మాంసానికి బాగా పట్టింది, ఇంకోటి తిన్నాను. శాకాహారి అయిన మా ఆవిడకు మాత్రం ఉత్త బన్నే దక్కింది.

ఆల్బర్ట్ పుట్టిన రోజెనావ్ భవనం ఊరి బయట ఉంది, టాక్సీకి 19 యూరోలయ్యాయి. ఆ తోట చూశాక ఆ ఖర్చు గుర్తులేదు. ఎహ్రెన్‌బుర్గ్, రోజెనావ్ రెండూ సోమవారం మూసేస్తారు, ఆదివారం రాత్రికి గది తీసుకోకండి.