రొయ్య రైతుకి పనికొచ్చిన పచ్చ తాళం: అన్‌పేవాల్ వాడాక

భీమవరం దగ్గర చిన్న ఆక్వా ల్యాబ్ నడుపుతాను. పోయిన సెప్టెంబర్ నుంచి నా ల్యాప్‌టాప్‌లో అన్‌పేవాల్ ఉంది. మాలాంటి ల్యాబుల వాళ్ళకి ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

క్రోమ్‌లోనో ఫైర్‌ఫాక్స్‌లోనో పెట్టుకునే చిన్న ఎక్స్‌టెన్షన్ ఇది. డబ్బు కట్టక్కర్లేదు. పరిశోధన పేపర్ ఉన్న పేజీ తెరిస్తే కుడి అంచున తాళం గుర్తు కనిపిస్తుంది. పచ్చగా ఉంటే చట్టబద్ధమైన ఉచిత కాపీ ఎక్కడో ఉన్నట్టు, నొక్కితే అక్కడికి తీసుకెళ్తుంది. బూడిద రంగు తాళమైతే దొరకనట్టు. రాసినవాళ్ళు తమ యూనివర్సిటీ సైట్లో పెట్టుకున్న కాపీని కూడా వెతికి పట్టుకుంటుంది.

సంక్రాంతికి ముందు కాళ్ళ అనే ఊరి వైపు నుంచి ఒక పెద్దాయన రొయ్యలు తెచ్చారు. డెబ్బై రోజుల పంట. ఒకే చెరువులో కొన్ని 60 కౌంటు (కిలోకి 60 రొయ్యలు), కొన్ని 150 కౌంటు. పీసీఆర్ పరీక్షలో ఈహెచ్‌పీ, అంటే రొయ్యని ఎదగనివ్వని సూక్ష్మజీవి, పాజిటివ్. "మందు చెప్పు బాబూ, ఎంతైనా పర్లేదు" అన్నారు. అప్పటికే ఎవరో మూడు డబ్బాలు అంటగట్టారు. చెరువులో ఉన్న రొయ్యకి దీన్ని కచ్చితంగా తగ్గించే మందు లేదు. కనీసం వచ్చే పంటకైనా దారి చూపించాలని వెతికాను. మొదటి పేపర్‌కి బూడిద తాళం, చదవాలంటే ముప్పై డాలర్ల పైనే. మూడోదానికి పచ్చ తాళం. హెక్టారుకి 6 టన్నుల కాల్చిన సున్నం ఎండిన చెరువు అడుగున వేసి, 10-12 సెంటీమీటర్ల లోతు దున్ని, తడిపి, మట్టి పీహెచ్ 12కి తేవాలని అందులో ఉంది. మన లెక్కలో ఎకరానికి రెండున్నర టన్నులకి కాస్త తక్కువ. తెలుగులో రాసిచ్చాను. ఆయన రెండుసార్లు చదువుకుని, మడిచి, ఫోన్ కవర్లో పెట్టుకున్నారు.

చాలామంది ఇలాంటి వాటికి సైహబ్‌కి వెళ్ళేవాళ్ళు. డబ్బు కట్టి చదవాల్సిన పేపర్లని అనుమతి లేకుండా ఉచితంగా ఇచ్చే సైటు అది, అలెగ్జాండ్రా ఎల్బాక్యాన్ 2011లో మొదలుపెట్టారు. పెద్ద ప్రచురణ సంస్థలు 2020 డిసెంబర్‌లో ఢిల్లీ హైకోర్టుకి వెళ్ళాయి, 2025 ఆగస్టులో కోర్టు దాన్ని బ్లాక్ చేయమంది. కాపీరైట్ చట్టం వాళ్ళ వైపే ఉంది, కాదనను. కానీ పేపర్ రాసినవాళ్ళకీ, దాన్ని పరిశీలించినవాళ్ళకీ మామూలుగా ఆ సంస్థలు ఏమీ ఇవ్వవు. పరిశోధనలు చాలావరకు ప్రజల డబ్బుతోనే జరుగుతాయి. శాంపిళ్ళ కోసం మన చెరువు గట్ల మీదకే వస్తారు. ఫలితం మాత్రం మన రైతుకి డాలర్లలో అమ్ముతారు. ఇది నాకు అన్యాయంగానే అనిపిస్తుంది.

జర్నళ్ళకి కేంద్ర ప్రభుత్వమే చందా కట్టే పథకం, 2025 జనవరిలో మొదలైన వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్, మంచి పనే. మూడేళ్ళకి 6,000 కోట్లు, దాదాపు 13,000 జర్నళ్ళు. అయితే అది ప్రభుత్వ విద్యాసంస్థలకీ పరిశోధన సంస్థలకీ. మా ల్యాబ్‌కి లేదు, రైతుకి అసలే లేదు.

బూడిద తాళం పడితే రాసినవాళ్ళకే మెయిల్ పెట్టండి. నేను ఇద్దరికి పెట్టాను, ఒకాయన మర్నాడు పొద్దున్నకే పంపారు.

అయిదుకి నాలుగు ఇస్తున్నాను. ఫోన్‌లోని క్రోమ్‌లో దీన్ని పెట్టుకోలేం, గట్టు మీద రైతు చేతిలో ఉండేది ఫోనే. ఆ ఒక్కటీ అందుకే తగ్గించాను.