అప్‌డేట్ తీసేయాలా, సిస్టమ్ రిస్టోర్ చేయాలా?

విండోస్ అప్‌డేట్ తర్వాత కంప్యూటర్ పదే పదే రీస్టార్ట్ అవుతుంటే ముందు రికవరీ మెనూకు (విండోస్ మరమ్మతు ఎంపికలుండే తెర) చేరాలి. లాగిన్ తెర వరకూ వెళ్లగలిగితే షిఫ్ట్ నొక్కి పట్టుకుని రీస్టార్ట్ ఎంచుకోండి. అంత వ్యవధి దొరకకపోయినా, బూట్ (విండోస్ మొదలవడం) వరుసగా విఫలమైతే ఆ మెనూ సాధారణంగా దానంతటదే వస్తుంది.

అప్‌డేట్‌ను తొలగించడం సూటి మార్గం. నెలనెలా వచ్చే క్వాలిటీ అప్‌డేట్, పెద్దదైన ఫీచర్ అప్‌డేట్ అక్కడ విడివిడిగా కనిపిస్తాయి. కొత్తగా వచ్చినదాన్నే తీసేయండి. మిగతా ప్రోగ్రాముల జోలికి పోనక్కర్లేదు. అయితే ఫీచర్ అప్‌డేట్‌కు మామూలుగా 10 రోజులే గడువు. ఖాళీ కోసం పాత విండోస్ ఫైళ్లను చెరిపేసి ఉంటే ఆ అవకాశమూ లేనట్లే.

సిస్టమ్ రిస్టోర్ డ్రైవర్లు (పరికరాలను నడిపే సాఫ్ట్‌వేర్), రిజిస్ట్రీ (విండోస్ సెట్టింగుల నిల్వ) సహా సిస్టమ్ ఫైళ్లను పాత తేదీ స్థితికి తెస్తుంది. అసలు దోషి డ్రైవరే అని అనుమానముంటే ఇదే మేలు. పత్రాలు, ఫొటోలు భద్రం. ఆ తేదీ తర్వాత చేర్చిన ప్రోగ్రాములు పోతాయి. చిక్కల్లా, రిస్టోర్ పాయింట్, అంటే ఆ పాత స్థితిని భద్రపరిచిన నమోదు, ముందే ఉండాలి. ఆ సదుపాయం ఆపేసి ఉందన్న సంగతి తరచూ అవసరం పడ్డ రోజునే బయటపడుతుంది!

నేనైతే మొదటిదాన్నే ముందు ప్రయత్నిస్తాను. డ్రైవ్‌లోని సమాచారానికి తాళం వేసే బిట్‌లాకర్ ఉంటే ఏ దారిలోనైనా 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. దాన్ని వెతికి దగ్గర పెట్టుకోండి.