సంక్షోభంలో యూనియన్ దారి: సమ్మెనా, పని పంచుకోవడమా?

నెల్లిమర్లలో ఉన్నలాంటి జూట్ మిల్లుల్లో గోనెసంచుల ఆర్డర్లు పడిపోతే యూనియన్ ముందు రెండు దారులుంటాయి. సమ్మెకు దిగడం ఒకటి. షిఫ్టులు తగ్గించుకుని అందరి ఉద్యోగాలూ నిలబెట్టుకోవడం రెండోది.

సమ్మెకు బలం సరుకుకు గిరాకీ ఉన్నప్పుడే. గోడౌన్‌లో సంచులు పేరుకుపోతే మిల్లు ఆగినా యాజమాన్యానికి తొందరుండదు. కూలీ డబ్బు మాత్రం మొదటి రోజే ఆగిపోతుంది.

పని పంచుకుంటే జీతం తగ్గుతుంది గానీ ఎవరూ రోడ్డున పడరు. 2008-09 మాంద్యంలో జర్మనీ ఇలాగే నెట్టుకొచ్చింది. తగ్గిన గంటల వల్ల పోయిన నికర జీతంలో 60 శాతం, పిల్లలున్నవాళ్లకు 67 శాతం ప్రభుత్వ బీమా నిధి ఇచ్చింది. మనకు అలాంటి నిధి లేదు. లేఆఫ్ ఇస్తే, అంటే పని లేదని కొంతకాలం కార్మికులను ఆపితే, ఏడాది సర్వీసు నిండినవాళ్లకు మూల వేతనం, డీఏలో సగం రావాలని చట్టం చెబుతుంది. బద్లీలకు, అంటే పర్మనెంట్ వాళ్లు రానప్పుడు వాళ్ల బదులు పనిచేసేవాళ్లకు, క్యాజువల్ కార్మికులకు అదీ దక్కదు. నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. పర్మనెంట్ వాళ్ల కోసమే సంతకం పెట్టి వచ్చే యూనియన్ సగం పనే చేసినట్టు.

నా ఓటు పని పంచుకోవడానికే, అయితే షరతులతో. కోత ఎన్ని నెలలో కాగితం మీద ఉండాలి, మిల్లు లెక్కలు యూనియన్‌కు చూపాలి, బద్లీలకూ వాటా ఉండాలి. మన జీతంలో కోసిన పీఎఫ్ కట్టకుండా ఇంకా కోత అడిగే యాజమాన్యానికైతే సమ్మె నోటీసే సరైన జవాబు.

పలాస జీడి బట్టీల సంగతి వేరు. చిన్న చిన్న యూనిట్లలో విడివిడిగా పనిచేసే ఆడవాళ్లకు ముందు కావలసింది అందరినీ కలిపే ఒక యూనియన్.