పసిబిడ్డ ఉన్న ఇంటికి డీమార్ట్ ఎంతవరకు చవక?

డీమార్ట్‌ను మన పట్టణాల వారికి కొత్తగా పరిచయం చేయనక్కరలేదు. రాధాకిషన్ దమానీ 2002లో ముంబయిలోని పొవాయ్‌లో మొదలుపెట్టిన ఈ దుకాణం ఇప్పుడు హైదరాబాదు, విజయవాడ వంటి నగరాలను దాటి చిన్న పట్టణాలకూ వచ్చింది. నెల సరుకులు అక్కడ చవకగా దొరుకుతాయన్న పేరు ఊరికే రాలేదు. అయితే ఇంట్లోకి పసిబిడ్డ వచ్చాక ఖర్చు తీరే మారిపోతుంది కనుక, ఆ చవక ఏ వస్తువుకు వర్తిస్తుందో, దేనికి వర్తించదో విడివిడిగా చూడవలసి ఉంటుంది.

చాలా శాఖలు సొంత భవనాల్లో ఉండటం వల్ల అద్దె భారం తక్కువ. సరుకు ఇచ్చినవారికి త్వరగా డబ్బు చెల్లించి, ధర తగ్గించుకుంటారు. హంగూ ఆర్భాటం లేకుండా, వేగంగా అమ్ముడుపోయే రకాలనే అరలకెక్కిస్తారు. అందుకే పప్పులు, వంటనూనె, సబ్బుపొడి, అంట్ల సబ్బు, ఫినాయిల్ వంటి వాటిలో మిగులు కచ్చితంగా కనిపిస్తుంది. పాత ఖాతా ఉన్న కిరాణా కొట్టతనూ ఎమ్మార్పీ మీద కొంత తగ్గిస్తాడు, పైగా అరువు కూడా ఇస్తాడు. ఆ సదుపాయం విలువను తీసిపారేయలేం. షాంపూ మాత్రం పెద్ద సీసా కొంటే చవకని అనుకోకూడదు. మన దేశంలో చాలా రకాల్లో రూపాయి, రెండు రూపాయల ప్యాకెట్ల దండే మిల్లీలీటరు లెక్కన తక్కువకు పడుతుంది.

అసలు లెక్క డైపర్ల దగ్గర మొదలవుతుంది. వీటి ఎమ్మార్పీనే ఎత్తున ముద్రిస్తారు కాబట్టి 'నలభై శాతం తగ్గింపు' అన్న చీటీని పట్టించుకోనవసరం లేదు. చూడవలసింది ఒక్కో డైపరు ఎంతకు పడుతోందన్నదే. ఉదాహరణకు 60 డైపర్ల కట్ట 720 రూపాయలు, 42 డైపర్ల కట్ట 462 రూపాయలు అనుకుంటే, పెద్ద కట్టలో ఒక్కోటి 12 రూపాయలు, చిన్న కట్టలో 11 రూపాయలు పడుతుంది. ఇంకో మెలిక కూడా ఉంది: ఒకే రకం, ఒకే ధర ఉన్న కట్టలో సైజు పెరిగేకొద్దీ డైపర్ల సంఖ్య తగ్గుతుంది. ప్యాంటు రకాల్లో మీడియం 7 నుంచి 12 కిలోలకని, లార్జ్ 9 నుంచి 14 కిలోలకని సాధారణంగా రాసి ఉంటుంది. రెండూ సరిపోయే బరువులో బిడ్డ ఉన్నప్పుడు, తొడల దగ్గర ఎర్రగా ఒరుసుకుపోనంత కాలం మీడియంతోనే నెట్టుకురావడం లాభం. ఆన్‌లైన్ పండగ అమ్మకాల్లో డైపర్లు డీమార్ట్‌లోకంటే తక్కువకు దొరికే సందర్భాలున్నాయి కాబట్టి, అరముందు నిలబడి ఫోనులో ఒక్కో డైపరు ధర పోల్చి చూసుకోవడంలో నామోషీ ఏమీ లేదు. ఎంత చవకైనా ఒకే సైజువి మూడు నెలలకు సరిపడా కొనిపెట్టుకోవడం మాత్రం తెలివైన పని కాదు. బిడ్డ మన నిల్వ చూసుకుని పెరగదు.

2025 సెప్టెంబరు 22 నుంచి పిల్లల డైపర్లు, పాలసీసాల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి, ఒంటి సబ్బులు, షాంపూలు, టాల్కం పౌడర్ల మీద 18 నుంచి 5 శాతానికి తగ్గింది. ఏ దుకాణంలోనైనా ధర పోల్చేటప్పుడు అంతకుముందు దాచుకున్న బిల్లు రేటును ప్రమాణంగా తీసుకోకూడదు.

డబ్బా పాలపొడిలో ఆఫర్ల కోసం వెతకడం వృథా. తల్లిపాలకు ప్రత్యామ్నాయాలైన ఆహారాలు, పాలసీసాల ప్రచారాన్నీ, కానుకల ఎరనూ 1992 నాటి చట్టం నిషేధించింది, అది మంచిదే. డాక్టరు చెప్పిన రకం అవసరమైతే ఎక్కడైనా కొనవలసిందే. ఆరు నెలలు నిండాక పెట్టే ఉగ్గు సంగతి వేరు. రంగురంగుల డబ్బాలోని పొడి ధరను కిలో లెక్కకు మార్చి, పక్క వరుసలోనే ఉన్న రాగులు, పెసరపప్పు, బియ్యం ధరలతో పోల్చి చూస్తే ఆ డబ్బా మీద చెయ్యి వేయబుద్ధి కాదు.

బట్టల విషయంలో నా మొగ్గు డీమార్ట్ వైపు కాదు. పసిపిల్లల నూలు చొక్కాలు, తువ్వాళ్లు అక్కడా సరసమైన ధరకే ఉంటాయి, కానీ హైదరాబాదులో మదీనా, బేగంబజారు ప్రాంతాల్లో గానీ, విజయవాడ వస్త్రలతలో గానీ డజను లెక్కన తీసుకుంటే రకాలూ ఎక్కువ, బేరమాడే వీలూ ఉంటుంది. ఇక పగటిపూట లంగోటాలకు మెత్తబడిన పాత నేతచీరను మించినది ఏ దుకాణంలోనూ లేదు. రాత్రికీ ప్రయాణానికీ మాత్రమే డైపరు వాడే ఇంట్లో ఆ ఖర్చు సగానికి పైగా పడిపోతుంది.

డీమార్ట్‌లో పై అంతస్తు విషయంలోనే జాగ్రత్త అవసరం. సరుకుల బండి తోసుకుంటూ ప్లాస్టిక్ డబ్బాలు, దుప్పట్లు, బొమ్మల మధ్య నుంచి వచ్చేసరికి జాబితాలో లేనివి నాలుగైదు బండిలో చేరి ఉంటాయి. ఎమ్మార్పీ మీద ఇంత ఆదా చేశారని బిల్లు చివర ముద్రిస్తారు, కానీ అనుకోకుండా కొన్న మూత డబ్బాల సెట్టు మీద తగ్గిన యాభై రూపాయలు కూడా అందులో ఆదాగానే చేరతాయి. అందువల్ల నెల మొదటి ఆదివారం సాయంత్రం కాకుండా, మామూలు రోజు పొద్దున్నే, ఇంట్లో ఒకరు బిడ్డ దగ్గర ఉండగా, రెండో వారు చీటీ, సంచీ పట్టుకుని వెళ్లి రావడం మేలు.