‘0.1 డిగ్రీ’ ఇంక్యుబేటర్ కంట్రోలర్ కొనేవాళ్లూ, ఆగండి

అమ్మినాయన పేరు చెప్పక్కర్లేదు. గుడ్లు పొదిగే పెట్టెలో వేడి 0.1 డిగ్రీ కూడా అటూ ఇటూ పోదంటూ, ‘0.1 డిగ్రీ కంట్రోల్’ అని రోజూ వీడియో పెట్టే ఆయనే. 48 నాటుకోడి గుడ్లు పెట్టాను. 18వ రోజు తెల్లవారుజామున చూస్తే లోపల 43 డిగ్రీలు, ఉండాల్సింది 37.5. వేడినిచ్చే బల్బులు రెండూ వెలుగుతూనే ఉన్నాయి. ఇంకో మూడు రోజులు ఆగితే పిల్లలయ్యేవి.

మొదటి రోజు నుంచే వేడి 37.5 దగ్గరికి రాగానే బల్బుల్ని వెలిగించి ఆర్పే స్విచ్చు, అదే రిలే, టకటకటకా కొట్టుకునేది. ఫోన్ చేస్తే నవ్వి, "అదే సార్ సెన్సిటివిటీ అంటే" అన్నాడు. నేనూ ఆహా అనుకున్నాను. పదేళ్లుగా సోల్డరింగ్ ఐరన్ పట్టుకుంటున్నవాణ్ని, సిగ్గుండాలి నాకు.

నిన్న బాక్సు విప్పాను. రెండు వోల్టేజీల్ని పోల్చే ఎల్‌ఎం393 కంపారేటర్ చిప్, వేడిని పసిగట్టే 10కె థర్మిస్టర్ సెన్సర్, రిలే. కంపారేటర్ ఔట్‌పుట్ నుంచి దాని ప్లస్ ఇన్‌పుట్‌కి రావాల్సిన ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్ మాత్రం లేదు. బోర్డు మీద దానికి చోటుంది, రెండు ప్యాడ్లూ తళతళా మెరుస్తున్నాయి, పార్టే పెట్టలేదు! రూపాయి వస్తువు. అది ఉంటే 37.7 దగ్గర ఆరిన బల్బు 37.3కి దిగేదాకా మళ్లీ వెలగదు, మధ్యలో సిగ్నల్ ఎంత వణికినా సరే. ఆరే చోటుకీ వెలిగే చోటుకీ మధ్య ఉంచే ఈ ఎడాన్నే హిస్టరిసిస్ అంటారు, అంతే. ఈ సర్క్యూట్‌లో డిగ్రీకి దాదాపు 50 మిల్లీవోల్టుల తేడా. అంటే ఆయనగారి 0.1 డిగ్రీ 5 మిల్లీవోల్టులు. సెన్సర్ వైరుని ఫ్యాన్ వైరుతో కలిపి కట్టేశాడు, అంతకంటే ఎక్కువ నాయిస్, అంటే సిగ్నల్‌లో అనవసరపు వణుకు, దాన్నుంచే వస్తుంది. ప్రతి వణుక్కీ ఓ ఆన్, ఓ ఆఫ్. పైగా చల్లటి ఫిలమెంట్ వెలిగే క్షణంలో మామూలు కంటే పదింతలు కరెంటు లాగుతుంది. చివరికి రిలే కాంటాక్టులు అతుక్కుపోయాయి, బల్బులు ఇక ఆరలేదు.

ఇదంతా చెప్తే ఏమన్నాడో తెలుసా? "గుడ్లే మంచివి కావేమో సార్." మా అమ్మ పెంచిన కోళ్లవండీ అవి! ఏడో రోజు టార్చ్ పెట్టి చూస్తే ఎర్రటి నరాలు కనిపించాయి. ఆ మాటంటే, "అంత నమ్మకం లేనప్పుడు పెట్ట కింద పొదగేసుకోవాల్సింది" అని ఫోన్ పెట్టేశాడు. ఆ పెట్టకైతే ఫీడ్‌బ్యాక్ ఉంది మరి.

కొత్త రిలే వేసి, ఆ ఖాళీలో 1 మెగ్ (పది లక్షల ఓమ్‌ల) రెసిస్టర్ అతికించాను. ఇప్పుడు ఎప్పుడో ఒకసారి ‘టక్’ అంటోంది. లోపల గుడ్లే లేవు.

కొనేముందు ఎన్ని డిగ్రీలకు ఆరుతుంది, ఎన్ని డిగ్రీలకు వెలుగుతుంది అని అడగండి. రెండింటికీ ఒకే అంకె చెప్తే డబ్బులు కట్టకండి. ఇప్పటికే కొన్నవాళ్లు వేడి మితిమీరితే కరెంటు ఆపేసే ఓవర్‌హీట్ కటాఫ్ ఒకటి విడిగా పెట్టుకోండి.