తాళం లేని ఆటోమేటిక్ కారుకు తొక్కుడు డాలీ: ముందు రెండే కొనండి

బరంపురం బడా బజార్ పక్క సందులో ఆటోమేటిక్ కారు ‘పి’లో, అంటే పార్కింగ్ గేరులో ఉంది. తాళం యజమాని జేబులో విశాఖపట్నం వెళ్ళిపోయింది. ఠాకురాణీ యాత్ర దగ్గర పడిందనో, పెళ్ళి పందిరి వెయ్యాలనో, కాలువ తవ్వకం మొదలైందనో ఆ బండిని పది అడుగులు పక్కకు జరపాలి. ఫోన్లో ఆయన సరేనన్నాడు, కానీ బండి కదలదు. గేరులో వదిలేసిన మాన్యువల్ కారునైతే నలుగురు పట్టి ఊపి ఊపి ఎలాగో కదిలిస్తారు. ‘పి’ దగ్గర ఆ పప్పులుడకవు. గేరుబాక్సులో ఒక ఇనుప నాలుక పళ్ళచక్రం సందులో దిగి కూర్చుంటుంది. తాడు కట్టి జీపుతో లాగితే టైరు అరుగుతుంది, ఇంజను మౌంట్లు చిరుగుతాయి, ఆ నాలుకే విరిగినా విరుగుతుంది.

ఇలాంటి పనికి దొరికే సరుకుల్లో కాలితో తొక్కి చక్రాన్ని లేపి, చిన్న చక్రాల మీద తోసుకుపోయే హైడ్రాలిక్ వీల్ డాలీ ఒకటి. ఇక్కడ చూస్తున్నది ఒక్కోటి 680 కిలోలు మోసే రకం, అంటే పెట్టె మీద 1,500 పౌండ్లు అని రాసి ఉండేది. 12 అంగుళాల వెడల్పు టైరు దాకా పడుతుంది. అంగడివాళ్ళు నాలుగింటి సెట్టే అంటగట్టాలని చూస్తారు. మన దగ్గర తిరిగే బండ్లకు రెండుతో మొదలుపెట్టడమే తెలివి. ఎందుకో బండిని బట్టి చూడాలి.

ఐ20, క్రెటా, సిటీ లాంటివన్నీ ముందు చక్రాల మీద నడిచే బండ్లు. ‘పి’ పట్టుకునేది ముందు రెండు చక్రాలనే. హ్యాండ్ బ్రేకు లివరు దించి ఉంటే వెనక చక్రాలు వాటంతటవే దొర్లుతాయి. కాబట్టి ముందు రెండు చక్రాల కింద రెండు డాలీలు పెడితే చాలు. స్టీరింగ్ లాకు పడి ఉన్నా బాధ లేదు, ఎందుకంటే ముందు భాగం కాస్టర్ చక్రాల మీద ఎటు కావాలంటే అటు తిరుగుతుంది. చిన్న సందులో ఇది గొప్ప సుఖం.

ఇన్నోవా క్రిస్టా ఆటోమేటిక్ దీనికి తలకిందులు. అది వెనక చక్రాల బండి, హ్యాండ్ బ్రేకు కూడా వెనక చక్రాలకే. డాలీలు వెనక పెడితే ‘పి’ బెడదా, హ్యాండ్ బ్రేకు బెడదా రెండూ ఒకేసారి తీరిపోతాయి, తలుపు తెరవనక్కర్లేదు. స్టీరింగ్ వంకరగా లాకు అయి ఉంటే మాత్రం ముందు చక్రాలు ఆ వంకలోనే పోతాయి. అప్పుడు వెనక భాగాన్ని తిప్పుకుంటూ రెండు మూడు విడతల్లో సర్దుకోవాలి.

నాలుగు డాలీలు తప్పనిసరయ్యేది మూడు చోట్ల. ముందు చక్రాల బండికి హ్యాండ్ బ్రేకు లాగి ఉండి తలుపు తెరవలేనప్పుడు. అలాంటి బండికే లివరు బదులు బటన్ బ్రేకు ఉన్నప్పుడు, ఎందుకంటే దాన్ని వదిలించడానికి కరెంటు, ఇగ్నిషన్ రెండూ కావాలి. ఇంజను శక్తి నాలుగు చక్రాలకూ పోయే బండి అయినప్పుడు.

2014లో సెలేరియోతో మారుతీ మొదలుపెట్టిన ఏఎంటీ రకం (మాన్యువల్ గేరుబాక్సునే యంత్రం మార్చే ఆటోమేటిక్) బండ్లలో చాలావాటికి అసలు ‘పి’యే లేదు. క్విడ్ ఏఎంటీలో ఉన్నది డి (ముందుకు), ఎన్ (న్యూట్రల్), ఆర్ (వెనక్కి) మాత్రమే. ‘పి’ లేదు కదా, దొర్లుతుంది అనుకుంటారు. గేరులో పెట్టి ఇంజను ఆపితే క్లచ్ పట్టుకునే ఉంటుంది, న్యూట్రల్‌కి తేవాలంటే ఇగ్నిషన్ ఉండాలి. తాళం లేనప్పుడు దాన్నీ లాకైన బండిగానే చూడండి.

తలుపు తెరిచి ఉండి తాళం మాత్రమే లేకపోతే డాలీ తియ్యకముందు ఒక పని ఉంది. గేరు లివరు ఉన్న చాలా టార్క్ కన్వర్టర్, సీవీటీ (‘పి’ ఉండే ఆటోమేటిక్ రకాలు) బండ్లలో లివరు పక్కన చిన్న మూత ఉంటుంది. దాని కింద షిఫ్ట్ లాకు (లివరును ‘పి’లో పట్టి ఉంచేది) వదిలించే మీట. చక్రాలకు అడ్డుచెక్కలు పెట్టి, సన్నటి స్క్రూడ్రైవరుతో ఆ మీటను నొక్కుతూ లివరును ‘ఎన్’కి లాగాలి. కరెంటుతో పని లేదు. బటన్లతోనో గుండ్రటి నాబ్‌తోనో గేరు మార్చే బండ్లలో చాలావాటికి ఈ సౌకర్యం ఉండదు. ‘ఎన్’కి వచ్చినా స్టీరింగ్ లాకు అలాగే ఉంటుందని మరవకండి. రిమోటు చేతిలోనే ఉండి పని చెయ్యకపోతే అది తాళం లేని బండి కిందికి రాదు. చాలా రిమోట్లలో సీఆర్2032 బిళ్ళ ఉంటుంది, కిరాణా కొట్లో కూడా దొరుకుతుంది. బిళ్ళ అయిపోయినా రిమోటును స్టార్ట్ బటన్‌కు ఆనిస్తే చాలా బండ్లు అందుకుంటాయి.

ఇక ముందు చక్రాల బండికి డాలీ వేసే పద్ధతి. మొదటి ముందు చక్రాన్ని నేల నుంచి లేపిన క్షణం నుంచీ ‘పి’ బండిని ఆపదు. చాలామంది షెడ్డు కుర్రాళ్ళు ఈ ఒక్క సంగతి తెలియకే బండిని గోడకు ఆనించేస్తారు. ‘పి’ పట్టుకునేది రెండు చక్రాలకూ శక్తిని పంచే డిఫరెన్షియల్‌ను. ఒక చక్రం గాల్లోకి లేస్తే అది వెనక్కి తిరుగుతుంది, రెండోది నేల మీద ముందుకు దొర్లుతుంది. పైగా లేపిన చక్రం కిందున్నది కాస్టర్ల మీది డాలీ. అందుకే డాలీని ముట్టుకోకముందే వెనక రెండు చక్రాలకూ ముందూ వెనకా గట్టి అడ్డుచెక్కలు పడాలి. ఇటుక ముక్క చాలదు, నలిగిపోతుంది.

తర్వాత గాలి చూడండి. టైరులో తగినంత ఉండాలి. పంచరైన టైరును డాలీ రోలర్లు రిమ్ము దాకా నొక్కేస్తాయి, పక్కగోడ చిట్లుతుంది. వాల్వు వదిలి డాలీ చేతులు పూర్తిగా విప్పి, బయటి వైపు నుంచి టైరును చుట్టేలా డాలీని తొయ్యాలి, ఒక రోలరు టైరుకు ముందు, ఒకటి వెనక. వాల్వు బిగించి పెడలు తొక్కుతుంటే రోలర్లు దగ్గరికొచ్చి టైరును పిండుతూ పైకి తెస్తాయి. నేలకు అంగుళం ఎడం వస్తే ఆపండి. ఎక్కువ లేపితే బురద రేకు, బంపరు కింది అంచు డాలీకి తగులుతాయి. వెంటనే లాకు పిన్ను దూర్చాలి. నూనె కారినా బండి కిందికి దిగకుండా ఆపేది ఆ పిన్నే. దించేటప్పుడు మళ్ళీ అడ్డుచెక్కలు, ఒక్క తొక్కు తొక్కి పిన్ను వదులు చేసి లాగడం, ఆ తర్వాతే వాల్వును నెమ్మదిగా తిప్పడం.

బరువు లెక్క చూస్తే భయం లేదు. 1,300 కిలోల బండిలో ముందు భాగానికి 60 శాతం వేసుకున్నా 780 కిలోలు, ఒక్కో చక్రానికి 390. నున్నటి సిమెంటు మీద ఇద్దరు నెట్టగలరు, మూడో మనిషి అడ్డుచెక్క పట్టుకుని వెనకే నడవాలి. బంపరు మధ్యలో చెయ్యి పెట్టి నెట్టకండి, ప్లాస్టిక్ లోపలికి నొక్కుకుపోతుంది. తలుపుల మధ్య స్తంభం దగ్గర పట్టుకోండి.

సరుకు విషయానికొస్తే, కొనేటప్పుడు చూడాల్సిన మొదటిది ఎడమ, కుడి జత. పెడలు ఒకవైపే ఉంటుంది. రెండూ ఒకే వైపువి వస్తే ఒకదాని పెడలు బంపరు కిందికి పోతుంది, తొక్కడానికి కాలు పట్టదు. ఆన్‌లైన్‌లో కొనేవారు ఇది చూసుకోవాలి. రెండోది కాస్టర్లు. ఇనుప చక్రాలు గట్టివే, కానీ చప్పుడు చేస్తూ షోరూము టైల్సు పగలగొడతాయి. పాలీయురేథేన్ తొడుగువి మేలు. ప్రతి కాస్టరుకూ గ్రీజు నిపిల్ ఉండాలి. గోపాల్‌పూర్ ఉప్పుగాలి ఇక్కడిదాకా వస్తుంది, రెండు వానాకాలాలు గ్రీజు కొట్టకపోతే కాస్టరు మెడ బిగుసుకుపోతుంది, అప్పుడు బండి ఒకవైపే లాగుతుంది.

పెడలు తొక్కినా లేవకపోతే పంపులో గాలి చేరినట్టు. వాల్వు విప్పి పది పదిహేను సార్లు ఖాళీగా తొక్కి మళ్ళీ బిగిస్తే చాలావరకు సర్దుకుంటుంది. నూనె తగ్గితే హైడ్రాలిక్ జాకీ నూనె మాత్రమే పొయ్యాలి. చేతికందింది కదా అని బ్రేకు ఆయిల్ పోస్తే సీళ్ళు ఉబ్బి పాడవుతాయి, ఆ సీళ్ళు దొరకడమూ కష్టం.

తక్కువ ధరకు దొరికే ఇనుప పలక డాలీలు కూడా ఉన్నాయి, మధ్యలో పళ్ళెంలా వంగి, కింద నాలుగు చిన్న చక్రాలు. వాటికి విడిగా ట్రాలీ జాకీ కావాలి, గోడవారగా పెట్టిన బండికి జాకీ దూరదు. నెలల తరబడి షెడ్డులో ఒక మూల నిలిపి ఉంచే బండికి అవి చాలు. సందులో పనికి పెట్టుకుంటే విసుగు తప్ప మిగిలేదేం లేదు.

నేలే అన్నిటికన్నా పెద్ద చిక్కు. చిన్న కాస్టరు పేవరు రాళ్ళ సందులో, జారుడు గేటు పట్టాలో, షట్టరు గాడిలో పడితే అక్కడే ఆగిపోతుంది. బలవంతంగా నెడితే కాస్టరు పిన్ను వంగుతుంది. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ రెండు పలకలో, 6 మిల్లీమీటర్ల ఇనుప రేకో దగ్గర పెట్టుకుని ముందుకు పరుచుకుంటూ పోవాలి. పర్లాకిమిడి, గుణుపురం వైపు ఎర్రమొరం పెరళ్ళలో ఈ డాలీ దండగ. రాయగడలో వాలు ఇళ్ళ ముందు ప్రమాదం. డాలీకి బ్రేకు ఉండదు, ఉన్నా వాలులో దాన్ని నమ్మకూడదు. అక్కడ వించి (తాడు చుట్టి లాగే యంత్రం), తాడు లేకుండా పనిలో దిగకండి.

రోడ్డెక్కడానికి కూడా ఇది కాదు. ఇచ్ఛాపురం దాకా తీసుకెళ్ళాలన్నా బల్ల వంచి బండిని ఎక్కించుకునే ఫ్లాట్‌బెడ్ లారీనే పిలవాలి. ఫోన్లోనే ‘పి’లో ఉంది, తాళం లేదు, ముందు చక్రాల బండి అని చెప్పండి, జారుడు పలకలు తెచ్చుకుంటారు. వంచిన బల్ల మీదికి డాలీలతో ఎక్కించనివ్వకండి, జారి వెనక్కి వస్తుంది. కొక్కెం సంగతి కూడా అడగండి. లాగడానికి బంపరులో బిగించే ఇనుప కొక్కెం చాలా బండ్లలో స్టెప్నీ దగ్గర డిక్కీలో ఉంటుంది, తాళం లేకపోతే డిక్కీ తెరుచుకోదు. మంచి లారీ డ్రైవరు దగ్గర నాలుగైదు సైజుల కొక్కేలు ఉంటాయి. కొక్కెం మర ఎటువైపు తిరగాలో కూడా బండిని బట్టి మారుతుంది, అడ్డంగా బిగించి దారం చెడగొట్టుకోవద్దు.

డాలీ అద్దెకిచ్చే షెడ్డువాళ్ళకొక మాట. ఆర్‌సీ, యజమాని గుర్తింపు కార్డు చూడకుండా తాళం లేని బండి మీద చెయ్యి వెయ్యకండి. తాళం పోయినవాళ్ళ దగ్గర పోలీసు ఫిర్యాదు కాపీ ఉండటం సహజమే, డూప్లికేట్ తాళానికి షోరూములు సాధారణంగా అదే అడుగుతాయి. ఆ కాపీ ఫొటో ఒకటి ఫోన్లో ఉంచుకుని, అప్పుడు అడ్డుచెక్కలు తియ్యండి.